ఒక పాత పునాది దగ్గరికి ఏడున్నర నెలల దారి (నా అనుభవం)

2024 అక్టోబరు 12, శనివారం. ఆ రోజు నేను బయలుదేరింది ఆ పునాది కోసం కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గ్రీలీ పట్టణానికి తూర్పున, 34వ నంబరు రహదారి పక్కన డియర్‌ఫీల్డ్ అనే ఊరి ఆనవాళ్లు ఇంకా నిలిచి ఉన్నాయని తెలిసి, చూసి రావాలని వెళ్లాను. నల్లజాతి వాళ్లు సొంత భూమి మీద సొంత కష్టంతో బతకాలని ఆలివర్ టూసాంట్ జాక్సన్ అనే ఆయన 1910లో ఆ ఊరికి పునాది వేశారు. మంచి రోజుల్లో అక్కడ రెండు మూడు వందల మంది ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పంటల ధరలు పడిపోయాయి. తరువాత 1930లలో కరవు వచ్చింది, దుమ్ము తుఫానులు వచ్చాయి. 1940 నాటికి మిగిలింది పన్నెండు మంది. జాక్సన్ 1948లో కన్నుమూశారు. ఇప్పుడు అక్కడ కొన్ని చెక్క కట్టడాలు, వాటి చుట్టూ గడ్డి, పక్కనే ఆగకుండా పోయే లారీలు. రోడ్డు వైపు నుంచే పది నిమిషాలు చూశాను. ఇంటికి మళ్లాలనిపించలేదు.

దానికి కారణం ఉంది. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో ఉంది. అమ్మ ఎప్పుడూ ‘ఉంది’ అనే అంటుంది, ‘ఉండేది’ అనదు. కృష్ణా తీరాన సుమారు వంద గ్రామాలను ఖాళీ చేయించిన 1981లో ఆమెకు పంతొమ్మిదేళ్లు. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి తేలిందని వార్త వచ్చిన ప్రతిసారీ, మా ఇంట్లో ఆ పూట మాటలు తక్కువగా ఉండేవి. ఆ ఇంట్లో పెరిగిన నాకు, మనుషులు వదిలి వెళ్లిన ఊరు కనిపిస్తే చూపు తిప్పుకోవడం చేతకాదు.

అలా ఉత్తరానికి తిరిగి, 14వ నంబరు రహదారి దాటి, పానీ జాతీయ గడ్డి మైదానంలోకి వెళ్లాను. కియోటా అనే ఊరి నీళ్ల ట్యాంకు మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది. ఒకప్పుడు రైలు ఆగిన ఊరు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. ఒకటి రెండు ఇళ్లలో మనుషులు ఉన్నట్టు అనిపించి వేగం తగ్గించి పోయాను గానీ ఆగి ఫొటోలు తీయలేదు. పాడుబడిన ఊరు అని మనం అనుకునే చోట ఎవరో ఒకరు కాపురం ఉంటూ ఉండవచ్చు. వాళ్ల కిటికీ ముందు కెమెరా పట్టుకుని నిలబడకూడదు.

కియోటా దాటి పానీ బట్స్ కొండల వైపు వెళ్తుంటే, ముళ్లకంచెకు అవతల, దాదాపు అర మైలు దూరంలో నాలుగు ఎల్మ్ చెట్లు కనిపించాయి. ఆ మైదానంలో చెట్టు తనంత తాను మొలవడం అరుదు. ఉందంటే ఎవరో నాటి, నీళ్లు పోసి పెంచి ఉండాలి. దుర్భిణిలో చూస్తే చెట్ల కింద రాళ్ల వరుస, దాని పక్కన గాలిమర స్తంభం కాళ్లు. కంచె దాటలేదు. కొలరాడోలో హెచ్చరిక బోర్డు లేనంత మాత్రాన ఎవరి భూమిలోకైనా వెళ్లవచ్చని అనుకోకూడదు, బోర్డు లేకపోయినా అది అతిక్రమణే. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఫోనులో గుర్తు పెట్టుకున్నాను. తిరిగి ట్రక్కు ఎక్కబోతుంటే గాలి ఒక్క ఊపున తలుపును ముందుకు విరిచింది, కీలు వంగిపోయింది. బాగు చేయించడానికి 380 డాలర్లు అయింది. అప్పటి నుంచి ట్రక్కును గాలికి ఎదురుగా నిలిపి, రెండు చేతులతో పట్టుకుని ఒక్కో తలుపే తెరుస్తున్నాను.

ట్రక్కు సంగతి ఇక్కడే చెప్పాలి. నాది పదేళ్ల పాత పికప్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నది. మొదట అద్దెకు తీసుకుందామనుకున్నాను. ఒప్పందం అంతా చదివితే, తారు లేని రోడ్డు మీద నడిపితే బీమా వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి ప్రయాణంలో తారు ఉండేది మొదటి గంటే. అందుకే కొనే దాకా ఆగాను.

ఇక కాగితాల పని. నాకు ఇది ఇంత దగ్గరి దారి అని ముందు తెలియదు. పశ్చిమ రాష్ట్రాల్లో భూమిని చాలావరకు ఆరు మైళ్లకు ఆరు మైళ్ల చతురస్రాలుగా కొలిచారు. ఒక్కో చతురస్రం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. ఈశాన్య మూలన ఒకటో నంబరుతో మొదలై, నాగలి చాలులా అటూ ఇటూ తిరుగుతూ ఆగ్నేయ మూలన 36తో ముగుస్తాయి. నా ఫోనులోని గుర్తు ఏ సెక్షన్‌లో పడిందో పటం మీద తెలిశాక, కేంద్ర భూనిర్వహణ సంస్థ వెబ్‌సైటులో ఆ టౌన్‌షిప్, రేంజి (టౌన్‌షిప్‌ల నిలువు వరుస), సెక్షన్ నంబర్లు ఇచ్చి వెతికాను. దీనికి పైసా ఖర్చు లేదు. పావుగంటలో అసలు పట్టా బొమ్మ తెర మీదికి వచ్చింది. 1917 నాటిది, అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పేరుతో జారీ అయింది, 320 ఎకరాలు. పట్టాదారు స్త్రీ.

కొంతసేపు ఆ పేరునే చూస్తూ ఉండిపోయాను. ఇక్కడ ఆ పేరు రాయను. ఆమె మనవలు, మునిమనవలు ఎక్కడో ఉండి ఉంటారు. ప్రభుత్వ భూమిలో కాపురం ఉండి సేద్యం చేసినవారికి దాన్ని సొంతం చేసే హోమ్‌స్టెడ్ చట్టం 1862లో వచ్చినప్పుడే ఒంటరి స్త్రీలకు, వితంతువులకు తమ పేరుతో భూమి అడిగే హక్కు ఉందని చదివాను గానీ, ఒక పట్టా మీద చూడటం వేరు. మొదటి చట్టం ఇచ్చింది 160 ఎకరాలే. వానలు తక్కువ పడే చోట అది కడుపు నింపదని తెలిసి, 1909లో మెట్ట భూములకు దాన్ని 320 చేశారు. మైదానంలో నేను చూసిన చాలా పునాదులు ఆ తరువాత వచ్చిన వాళ్లవే. అప్పటికి మంచి నేలలు అయిపోయాయి.

పట్టా ఒక పేజీయే. దాని వెనుక ఉన్న దస్త్రం వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో ఉంటుంది. 84వ నంబరు దరఖాస్తులో పట్టా నంబరు, భూమి వివరం నింపి, 50 డాలర్లు కట్టి 2025 జనవరి 18న పంపాను. అందినట్టు ఈమెయిలు వచ్చింది. తరువాత ఫిబ్రవరి అంతా మౌనం. మార్చి అంతా మౌనం. దరఖాస్తులో పట్టా నంబరు ఒక అంకె తప్పు రాశానేమోనని రెండు సార్లు భయపడి సరిచూసుకున్నాను. ఏప్రిల్ 9న, అంటే 81 రోజులకు, 43 పేజీల ప్రతులు చేతికి వచ్చాయి.

ఈలోగా భూమి ఇప్పుడు ఎవరిదో కనుక్కోవాలి. పానీ మైదానం గళ్ల బట్టలా ఉంటుంది. సుమారు 1,93,000 ఎకరాలు ప్రభుత్వానివి, వాటి మధ్య గడి విడిచి గడి ప్రైవేటు భూములు. కరవు రోజుల్లో అప్పుల్లో మునిగిన రైతుల దగ్గర ప్రభుత్వం తిరిగి కొన్న భూములే 1960లో జాతీయ గడ్డి మైదానం అయ్యాయి. ప్రభుత్వ భూమిలో ఏ దారిలో వాహనం నడపవచ్చో చూపే పటం అటవీ శాఖ ఉచితంగా ఇస్తుంది. నా చెట్లు మాత్రం ప్రైవేటు గడిలో పడ్డాయి. కౌంటీ (మన జిల్లా లాంటిది) పన్నుల వెబ్‌సైటులో యజమాని చిరునామా దొరికింది. ఫోను నంబరు కోసం వెతకడం మర్యాద కాదనిపించి, ఫిబ్రవరి 22న చేత్తో ఉత్తరం రాశాను. నేను ఎవరినో, ఏ ట్రక్కులో వస్తానో రాశాను. తుపాకీ, కుక్క తేనని, ఏ గేటు ఎలా ఉంటే అలాగే ఉంచుతానని, అక్కడి నుంచి మేకు కూడా తీసుకెళ్లనని రాశాను. మా అమ్మ ఊరి సంగతి కూడా ఒక వాక్యం రాశాను. తరువాత చూస్తే, ఆ వాక్యమే పని చేసింది.

మార్చి 16, ఆదివారం సాయంత్రం ఫోను వచ్చింది. డెబ్బై దాటిన గొంతు. ఉత్తరం చదివానని, ఆవులు ఈనే కాలం కనుక మే నెల దాకా ఎవరినీ ఆ వైపు రానివ్వనని అన్నారు. తడి నేల మీద మాత్రం రావద్దని రెండు సార్లు చెప్పారు. తన తాత 1936లో పన్ను బాకీల వేలంలో ఆ భూమి కొన్నారట. నేను పట్టాదారు పేరు చెప్పగానే అటు వైపు నిశ్శబ్దం. తరువాత అన్నారు, "మేము ఆ బీడును ఆమె ఇంటిపేరుతోనే పిలుస్తాం. చిన్నప్పటి నుంచీ అదే పేరు. ఆమె ఆడమనిషి అని మాత్రం ఈ రోజే తెలిసింది."

అమ్మ మే 3న నా దగ్గరికి వచ్చింది. ప్రయాణపు అలసట తీరాక రోజూ రాత్రి భోజనం తరువాత ఆ దస్త్రంలో రెండు మూడు పేజీలు తెలుగులో చెప్పేదాన్ని. పట్టా ఇచ్చే ముందు హక్కుదారును ప్రశ్నలు అడిగి రాయించే చివరి రుజువు పత్రం అందులో ముఖ్యమైనది. ఇల్లు ఎంత, బావి ఎంత లోతు, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏ ఏడాది ఏమి పండింది, ఎప్పుడెప్పుడు ఇల్లు వదిలి వెళ్లారు, ఎందుకు. ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు అదే ప్రమాణం చేసి చెప్పాలి. ఆమె వితంతువు, ఇద్దరు పిల్లలు. ఇల్లు పద్నాలుగు అడుగులకు ఇరవై అడుగులు, చెక్కది, ఒక తలుపు, రెండు కిటికీలు. కోళ్ల గూడు, రాతి నేలమాళిగ, ఒక బావి. మొదటి ఏడాది ఇరవై ఎకరాలు దున్నించింది. రెండో ఏడాది వడగళ్లు పడి చేతికి ఏమీ రాలేదు. చలికాలాల్లో గ్రీలీలో ఒక ఇంట్లో వంటకు కుదిరి, వసంతానికి పిల్లలతో తిరిగి వచ్చేది. లేకపోవడానికి కారణం అనే గడిలో ‘తిండి సంపాదించుకోవడానికి’ అని ఉంది. పంటల గడిలో మొక్కజొన్న, రై, మిల్లెట్ అని ఉన్నాయి. మిల్లెట్ అంటే ఏదో చిరుధాన్యం అని చెప్పి వదిలేశాను. "ఏ చిరుధాన్యం?" అని అమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఒక రాత్రి అమ్మ మధ్యలో ఆపింది. "మా ఇల్లు కూడా ఇలాగే కొలిచారు" అంది. పరిహారం కోసం అధికారులు వచ్చి గోడలు కొలిచి, దూలాలు, తలుపులు లెక్కపెట్టి, చెట్లకు నంబర్లు వేశారట. ఆమె టేపు చివర పట్టుకుందట. ఈ మాట నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

మే 17, శనివారం మొదటి ప్రయత్నం. ముందు రోజు రాత్రి మైదానం వైపు వాన పడిందని వాతావరణ పటంలో చూశాను. పొద్దున ఎండ కాసింది కదా, ఆరిపోయి ఉంటుందని బయలుదేరాను. తప్పు నాదే, ఆ పెద్దాయన స్పష్టంగా చెప్పారు. పెద్ద కంకర రోడ్డు బాగానే ఉంది. దాని నుంచి మట్టి దారిలోకి తిరిగిన రెండు వందల గజాల్లో చక్రాలకు బంకమట్టి చుట్టుకుని టైరు గాడులన్నీ పూడిపోయాయి. ఆ మట్టి తడిస్తే సబ్బులా జారుతుంది, అంటుకుంటే సిమెంటులా పడుతుంది. నాలుగు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ట్రక్కు మాత్రం మెల్లగా పక్కకు జారి కాలువలో ఒరిగింది. అప్పుడు ఉదయం 10:40.

ఫోనుకు సిగ్నల్ లేదు. అమ్మను ట్రక్కులో కూర్చోబెట్టి, మిట్ట ఎక్కితే ఒక గీత కనిపించింది. నేను ఏటా డబ్బు కట్టే రోడ్డు సహాయం వాళ్లు తారు లేని రోడ్డుకు రామన్నారు. ఒక లాగుడు బండి సంస్థ 600 డాలర్లు అడిగింది, అదీ నేల ఆరాకే వస్తామంది. నేను తెచ్చిన పార మడత పెట్టే చిన్నది. దానితో గంటన్నర తవ్వి చేతులు పొక్కించుకున్నాను. చివరికి సిగ్గు విడిచి ఆ పెద్దాయనకు సందేశం పంపాను. ఆయన కోపగించుకుంటారని, ఇక ఆ చోటు చూడటం కుదరదని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడు నెలల పని ఒక్క తొందరపాటుతో పోగొట్టుకున్నాననిపించింది. అమ్మ మాత్రం కిటికీ దించి గడ్డిని చూస్తూ కూర్చుంది. "మన నల్లరేగడి కూడా ఇంతే. వానాకాలంలో బండి దిగబడితే సాయంత్రం దాకా ఎవరో వచ్చేవారు. వస్తారులే" అంది.

మూడున్నరకు ట్రాక్టరు వచ్చింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. గొలుసు తగిలించి, నన్ను స్టీరింగు నిటారుగా పట్టుకోమని చెప్పి, నాలుగు నిమిషాల్లో బయటికి లాగారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. దారిలో నా చక్రాలు చేసిన లోతైన గాడులను చూపించి, "ఇవి ఎండితే గట్టిపడతాయి. నేను వేసవి అంతా వీటి మీదే పోవాలి" అన్నారు. తడి నేల మీద రావద్దనడం నా క్షేమం కోసమే అనుకున్నాను. ఆ దారి ఆయన బతుకుతెరువు అని అప్పుడు అర్థమైంది. ఇలా వెళ్లాలనుకునే వారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే. వాన పడిన తరువాత కనీసం రెండు మూడు ఎండ రోజులు ఆగండి. ఆ రాత్రి మట్టి కడిగించడానికే గంటన్నర, ఇరవై డాలర్ల పైన పట్టింది.

తరువాతి రెండు వారాలు రోజూ రెండు పూటలా ఆ ప్రాంతపు వాతావరణం చూశాను. పెద్ద పార కొన్నాను. చక్రాల కింద వేసే పట్టీలు, టైర్లకు గాలి కొట్టే చిన్న యంత్రం కలిపి 190 డాలర్లు అయ్యాయి. అమ్మకు చీలమండలు దాటే బూట్లు కొన్నాను. ఆమె మొదట వద్దంది, గిలకపాముల మాట చెప్పాక ఒప్పుకుంది.

మే 31, శనివారం. ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. 14వ నంబరు రహదారి వదిలేముందే ట్యాంకు నింపాను, ఆ తరువాత బంకు ఉంటుందని నమ్మకూడదు. ఈ కౌంటీలో రోడ్ల నంబర్లు అర్థమైతే తప్పిపోరు. సరి సంఖ్యలు తూర్పు పడమరలకు, బేసి సంఖ్యలు ఉత్తర దక్షిణాలకు పోతాయి, రెండు నంబర్లకు ఒక మైలు. ఫోను దారి చూపేది మాత్రం నమ్మకండి, అది నన్ను ఒకసారి ఒక ఇంటి పెరట్లోకి తీసుకెళ్లింది. మట్టి దారి మొదట్లో ఆగి, టైర్ల గాలి 35 నుంచి 26కు దించాను. కుదుపు సగం తగ్గింది.

పెద్దాయన గేటు దగ్గరే ఉన్నారు. పక్క చేలో ఆయన కొడుకు విత్తనాలు వేస్తున్నాడు. అక్కడి తీగ గేటు తెరవడం తేలిక, మూయడానికి భుజం బలం కావాలి. నేను గేటుతో పెనుగులాడుతుంటే, అమ్మ విత్తే యంత్రం దగ్గరికి వెళ్లి నిలబడింది. పెద్దాయన పెట్టెలోంచి ఒక గుప్పెడు తీసి ఆమె చేతిలో పోశారు. అమ్మ ఒక గింజ గోటితో నలిపి, నోట్లో వేసుకుని, నన్ను పిలిచింది.

"ఇవి వరిగలు!"

నేను అడిగితే ఆయన ప్రోసో మిల్లెట్ అన్నారు. అమెరికాలో ఈ పంట అన్ని రాష్ట్రాల కంటే కొలరాడోలోనే ఎక్కువ. అమ్మ వాళ్ల ఊళ్లో మెట్ట చేలల్లో కొర్రలు, వరిగలు వేసేవారట. వీటిని ఎలా వండుకుంటారని అడగమంది. ఎక్కువ భాగం పిట్టల మేతకు పోతుందని ఆయన చెప్పారు. నేను తెలుగులో చెప్పాక అమ్మ చాలాసేపు నమ్మలేదు. "మనుషులు తినే తిండి" అంటూ ఆ గుప్పెడు జాగ్రత్తగా తిరిగి పెట్టెలో పోసింది. దస్త్రంలోని మిల్లెట్ ఏదో ఆమెకు ఇప్పుడు తెలిసిందనుకుంది. ఆ రోజుల్లో ఇక్కడ పశువుల మేతకు కొర్ర జాతి గింజ కూడా వేసేవారని పెద్దాయన అన్నారు. అదైనా అమ్మకు తెలిసినదే.

చెట్ల దగ్గరికి చివరి పావు మైలు నడిచాం. కర్ర చేతిలో పట్టుకుని ముందు ఆయన, వెనుక అమ్మ, చివర నేను. రేకు ముక్క కనిపిస్తే దూరంగా వెళ్లమన్నారు, పాములు నీడ కోసం దాని కిందే చేరతాయి. ఒకచోట గట్టిగా చేయి అడ్డం పెట్టారు. గడ్డిలో కలిసిపోయిన పాత పలకలు, వాటి కింద నీళ్లు నిల్వ చేసుకునే పన్నెండు అడుగుల లోతు తొట్టి. కాలు పడితే పలక విరిగేది. ఒంటరిగా వచ్చి ఉంటే నాకు అది కనిపించేది కాదు. అనుమతి అడగడం మర్యాద కోసం అనుకునేదాన్ని. ఆ నేల తెలిసిన మనిషి ముందు నడిస్తేనే ప్రాణం నిలుస్తుంది.

పునాది రాళ్లు మోకాలి ఎత్తు కూడా లేవు. నేను టేపు తీసి కొలిచాను. పద్నాలుగుకు ఇరవై. కాగితం మీది అంకె నేల మీద సరిగ్గా పడినప్పుడు ఒళ్లు జలదరించింది. నేలమాళిగ కూలి గుంట అయింది. తుప్పు పట్టిన పొయ్యి తలుపు, పెంకు రాలిన పళ్లెం ముక్క, ఎండకు ఊదారంగు తిరిగిన గాజు ముక్కలు, పసిపిల్ల బూటు అడుగు. ఏదీ తీయలేదు. ప్రభుత్వ భూమిలో అయితే అలా తీయడం నేరం కూడా. ఫొటో తీయడానికి కదిపిన ఒక్క గాజు ముక్కను మళ్లీ అదే ముద్రలో పెట్టాను.

తలుపు ఎటు ఉండేదో నాకు తెలియలేదు. దస్త్రంలో ఒక తలుపు అని ఉంది గానీ ఏ వైపో లేదు. నేను రాళ్లలో ఖాళీ కోసం వెతుకుతుంటే, అమ్మ తూర్పు వైపు వెళ్లి నిలబడింది. అక్కడ ఊదారంగు ఐరిస్ పూలు, ఎనిమిది అడుగుల పొడవున వంకర వరుస. చుట్టూ మైళ్ల కొద్దీ ఒక్క పువ్వు లేదు.

"వంటిల్లు ఇటే. గిన్నెలు కడిగిన నీళ్లు గుమ్మం లోంచి పోస్తే ఇక్కడ పడతాయి. నీళ్లు మోసుకు బతికే ఇంట్లో పూలకు వేరే నీళ్లు ఎక్కడివి?" అంది.

పెద్దాయనకు చెప్పాను. ఆయన టోపీ తీసి, తన చిన్నప్పటి నుంచీ ఆ పూలు అలాగే పూస్తున్నాయని, ఎవరూ నీళ్లు పోయరని, ఆవులు వాటిని ముట్టవని అన్నారు. 43 పేజీల్లో కోళ్ల గూడు ఉంది, కంచె గుంజల లెక్క ఉంది. ఐరిస్ లేదు.

అమ్మ ఆ వరుస పక్కన కూర్చుంది. చాలాసేపటికి, "మా వేపచెట్టు రాసుకున్నారు, చింతచెట్టు రాసుకున్నారు. పెరట్లో నా కనకాంబరాలు రాయలేదు. అవి కూడా రాయండి అన్నాను. ఆ అధికారి నవ్వి, పూలకు లెక్క ఉండదమ్మా అన్నాడు" అంది. నేను ఏమీ అనలేకపోయాను. ఆమె భుజం మీద చేయి వేస్తే తీయించలేదు.

అక్కడ మొత్తం గంటా నలభై నిమిషాలు ఉన్నాం. తిరుగు దారిలో పాత కంచె మేకు ఒకటి టైరులో దిగింది, ప్యాచ్‌కు ముప్పై డాలర్లు. ఆ రోజు పెట్రోలుకు 52 డాలర్లు.

జూన్ 3న దస్త్రం మొత్తం ప్రతి తీయించి పెద్దాయనకు పోస్టులో పంపాను. పది రోజులకు జవాబు వచ్చింది. కౌంటీ చరిత్ర సంఘానికి కూడా ఒక ప్రతి ఇస్తానని, ఆ నీళ్ల తొట్టి చుట్టూ కంచె వేయించానని రాశారు. వచ్చే మేలో పూలు పూసినప్పుడు ఫోను చేస్తానన్నారు.

అమ్మ ఇప్పుడు నంద్యాలలో ఉన్న మామయ్యకు వారానికి రెండు సార్లు ఫోను చేసి, పరిహారం కాగితాలు వెతకమని చెబుతోంది. ఇల్లు ఎన్ని అడుగులని రాశారో చూడాలట. ఇనప్పెట్టెలో ఇంటి పన్ను రసీదులు దొరికాయి, ఆ కాగితం దొరకలేదు. అటక మీద ఇంకో పెట్టె ఉందట. ఆదివారం దించుతానని మామయ్య అన్నారు.